రికో జీఆర్ 3 రివ్యూ: ఏ లోపంతో సర్దుకుపోవచ్చు, దేనితో కుదరదు

నమస్కారమండీ. ఇవాళ రికో జీఆర్ 3 చూద్దాం. ఇది 2019లో వచ్చిన కెమెరా. 2025లో జీఆర్ 4 కూడా వచ్చేసింది కాబట్టి, దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాను.

దీంట్లో జూమ్ లేదు, వ్యూఫైండర్ లేదు, ఫ్లాష్ లేదు. స్క్రీన్ తిరగదు, 4కే వీడియో రాదు. ఇన్ని లేనిదానికి అంత డబ్బు ఎందుకు పెట్టాలని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇవన్నీ కొనే ముందే తెలిసే లోపాలు, అలవాటుతో సర్దుకుపోతాయి. అలా సర్దుకోనిది ఒకటుంది, అది దుమ్ము. దాని సంగతి వివరంగా చెప్తాను. ముందు ఇది బాగా చేసే పని చూడండి.

బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 257 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది. ఇంత చిన్న బాడీలో, పెద్ద కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సి సైజు సెన్సార్ (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్) పెట్టారు, 24 మెగాపిక్సెళ్లు. సాధారణంగా ఖరీదైన కాంపాక్ట్‌లలో ఉండే 1 అంగుళం సెన్సార్‌తో పోలిస్తే దీని వైశాల్యం మూడు రెట్లు. అందుకే ఎండలో నిలబడ్డ మనిషి తెల్ల చొక్కా మీద ఇస్త్రీ మడత కనిపిస్తూనే, వెనకున్న కొట్టు లోపలి చీకట్లోంచి కూడా రా ఫైల్‌లో (సెన్సార్ పట్టిన అసలు డేటా ఉండే ఫైల్) వివరాలు బయటికి తీయగలం. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి స్పందించే స్థాయి, 3200 దాకా నేను ధైర్యంగా వాడమంటాను. 6400 దగ్గర గ్రెయిన్ (గరుకు చుక్కలు) తెలుస్తుంది, అయినా బ్లాక్ అండ్ వైట్‌కి బాగానే ఉంటుంది.

లెన్స్ 18.3 ఎంఎం ఎఫ్/2.8. ఈ ఎఫ్ సంఖ్య అపర్చర్‌ది, అంటే వెలుతురు వచ్చే రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సార్) లెక్కలో 28 ఎంఎం, అంటే వెడల్పుగా చూసే లెన్స్. ఎఫ్/2.8 దగ్గరే మధ్యభాగం చాలా షార్ప్‌గా ఉంటుంది, మూలలకి మాత్రం ఎఫ్/5.6 కావాలి. మాక్రో మోడ్‌లో లెన్స్ ముందు నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర దాకా ఫోకస్ అవుతుంది. ఒక్క జాగ్రత్త: 28 ఎంఎంతో ముఖం దగ్గరికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది. ఎక్కువగా మనుషుల పోర్ట్రెయిట్లు తీసేవాళ్లు 40 ఎంఎం లెన్స్‌తో వచ్చిన జీఆర్ 3ఎక్స్ చూసుకోండి. ఇందులో ఫొటో అంచులు కోసి 35, 50 ఎంఎంలా చూపించే క్రాప్ మోడ్‌లు ఉన్నాయి కదా అంటారేమో. 50 పెడితే మిగిలేది 7 మెగాపిక్సెళ్లే. వాట్సాప్‌కి చాలు, పెద్ద ప్రింట్‌కి చాలదు.

ఇప్పుడు స్నాప్ ఫోకస్. ఈ కెమెరాకి డబ్బు పెట్టేది దీనికోసమే. మామూలుగా షట్టర్ సగం నొక్కితే ఫోకస్ వెతుక్కుంటుంది. ఆగకుండా ఒకేసారి పూర్తిగా నొక్కేస్తే, వెతుకులాట లేకుండా మీరు ముందే పెట్టిన దూరానికి వెళ్లి ఫొటో తీసేస్తుంది. మెనూలో ఫుల్ ప్రెస్ స్నాప్ అనేది ఆన్ చేయాలి, అంతే. లెక్క ఇలా ఉంటుంది. దూరం 2 మీటర్లు, అపర్చర్ ఎఫ్/8 పెడితే దాదాపు 1 మీటర్ నుంచి 30 మీటర్లు దాటేదాకా అంతా షార్ప్‌గా వస్తుంది. 2.5 మీటర్లు పెడితే దగ్గర హద్దు కాస్త జరిగి సుమారు 1.15 మీటర్లవుతుంది, దూరం మాత్రం ఇన్ఫినిటీ దాకా వస్తుంది. అదే ఎఫ్/2.8లో 2 మీటర్లు పెడితే ఒకటిన్నర నుంచి 3 మీటర్ల మధ్యలో ఉన్నది మాత్రమే షార్ప్. స్నాప్ పెట్టినా ఫొటో బ్లర్ వచ్చిందని ఫిర్యాదు చేసేవాళ్లు ముందు అపర్చర్ చూసుకోవాలి.

చార్మినార్ పక్కన లాడ్ బజార్ లాంటి చోట పగటిపూట సెట్టింగ్ చెప్తాను, రాసుకోండి. ఏవీ మోడ్ (అపర్చర్ మీరు పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది), ఎఫ్/8, స్నాప్ దూరం 2 మీటర్లు. ఐఎస్ఓ ఆటో, గరిష్ఠం 6400. ఆటోలోనే కనీస షట్టర్ స్పీడ్ 1/500 సెకను అని పెట్టండి. ఈ మొత్తాన్ని డయల్ మీద సొంత సెట్టింగ్‌ల కోసం ఉన్న యూ1లో సేవ్ చేసుకుంటే డయల్ తిప్పగానే సిద్ధం. ఆన్ చేసిన సెకనులోపే కెమెరా తయారవుతుంది కాబట్టి గాజులు బేరమాడే చెయ్యి గాల్లో ఉండగానే ఫొటో పడుతుంది.

మాడు పగిలే ఎండలో ఎఫ్/2.8 వాడాలనుకుంటే ఇంకో సంగతి. షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి ఎఫ్/2.8 దగ్గర 1/2500 దాటదు. 1/4000 కావాలంటే అపర్చర్ తగ్గించాలి. దానికి బదులు లోపలే ఉన్న ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌కి నల్ల కళ్లద్దం లాంటిది) వాడండి, 2 స్టాప్‌ల వెలుతురు కోస్తుంది, అంటే నాలుగో వంతే లోపలికి వస్తుంది. ఎన్‌డీని ఆటోలో ఉంచితే దాని గురించి మళ్లీ ఆలోచించక్కర్లేదు.

చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ 3 యాక్సిస్ (మూడు రకాల కదలికలకి), 4 స్టాప్‌లు అని కంపెనీ చెప్తుంది. గుడి గోపురం, ఖాళీ వీధి లాంటివి 1/8లో చేత్తో పట్టుకుని తీయొచ్చు. మనిషి కదిలితే మాత్రం ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు, అక్కడ 1/125 కావాల్సిందే. రాత్రి వెలుతురులో ఆటోఫోకస్ తడబడుతుంది. ముందుకీ వెనక్కీ వెతికి, దొరక్క వదిలేస్తుంది కూడా. అప్పుడు కూడా స్నాప్‌నే నమ్ముకోండి, దూరం మీరే అంచనా వేసుకుని.

బ్యాటరీ బలహీనమే. కంపెనీ లెక్కే 200 ఫొటోలు. అలాగని పెద్ద బాధ కాదు, టైప్-సి ఉంది, పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ అవుతుంది. డీబీ-110 బ్యాటరీలు ఇంకో రెండు కొనుక్కోండి. వేసవిలో ఎక్కువసేపు వాడితే బాడీ వేడెక్కుతుంది, మధ్యమధ్యలో ఆఫ్ చేస్తుండండి. వీడియో 1080 వరకే, మైక్ పెట్టుకునే చోటు లేదు. వ్లాగ్‌ల కోసమైతే దీని జోలికి రావద్దు, సోనీ జెడ్‌వీ-1 చూడండి.

ఇక దుమ్ము. కెమెరా ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ గొట్టం బయటికి వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. బయటికి వచ్చేటప్పుడు లోపలి ఖాళీ పెరిగి గాలిని లాగుతుంది, సైకిల్ పంపు పిడి పైకి లాగినట్టు. సీలింగ్ లేదు కాబట్టి గాలితో పాటు నలుసు కూడా పోతుంది. అది సెన్సార్ మీద వాలిందంటే లెన్స్ విప్పి ఊదడానికి లేదు, ఇది ఊడే లెన్స్ కాదు. లోపల సెన్సార్‌ని కంపింపజేసే డస్ట్ రిమూవల్ ఉంది, మెనూలోంచి నాలుగైదుసార్లు నడిపించి చూడండి. పొడి నలుసైతే రాలొచ్చు. అంటుకుపోయిందంటే సర్వీస్ సెంటర్‌లో విప్పించాల్సిందే.

ఎక్కువ నలుసు వచ్చేది రోడ్డు మీంచి కాదు, ప్యాంటు జేబులోంచి. జేబు అడుగున ఉండే నూలు పీచు చూడండి, అదంతా లెన్స్ చుట్టూ చేరుతుంది. అందుకే జేబులో పెట్టినా చిన్న పౌచ్‌లో పెట్టి పెట్టండి. లెన్స్ అంచుని ఆన్ చేయకముందే మెత్తటి బ్రష్‌తో తుడవండి. ఎయిర్ క్యాన్‌తో కొట్టొద్దు, ఉన్న దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. మేడారం జాతర దుమ్ములోకీ, నిమజ్జనం రోజు గులాల్ ఎగిరే చోటికీ ఈ కెమెరా తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తాను. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టుకోండి, లేదంటే ఫంగస్ పడుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు అమ్మేవాళ్ల ముందే ఈ పరీక్ష చేయండి. ఏవీ మోడ్, ఎఫ్/16, ఐఎస్ఓ 100. మాన్యువల్ ఫోకస్‌లో అతి దగ్గరికి పెట్టి, మబ్బులేని ఆకాశం వైపో తెల్ల గోడ వైపో తిప్పి ఫొటో తీయండి. తర్వాత జూమ్ చేసి మూల నుంచి మూలకి జరుపుతూ చూడండి. బూడిదరంగు గుండ్రటి మచ్చలు కనిపిస్తే అవి దుమ్మే. ఎఫ్/2.8లో తీసి చూపిస్తే ఒప్పుకోకండి. అపర్చర్ పెద్దగా ఉన్నప్పుడు వెలుతురు అన్ని కోణాల్లోంచి వచ్చి నలుసు నీడని చెదరగొడుతుంది, మచ్చ కనబడదు. అలాగే పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్స్ గరగరలాడుతోందేమో వినండి. వెనక బటన్ల చుట్టూ ఉన్న చక్రం వదులై, ఒక్క మెట్టు తిప్పితే రెండు అడుగులు వేస్తోందేమో చూడండి. మచ్చలుంటే, విప్పి శుభ్రం చేయడానికి ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే బేరం మాట్లాడండి.