కువైట్ ఒడ్డున బాడుగ ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

రాజంపేట, రాయచోటి, కోడూరు, బద్వేలు వైపు ఏ ఊళ్లో అడిగినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. పోయేముందు వీసా గురించి, ఏజెంటు గురించి, జీతం గురించి నలుగురినీ అడుగుతారు. బాడుగ ఇంటి సంగతి మాత్రం దిగినాక చూద్దాంలే అని వదిలేస్తారు. దిగినాక తొందర ఉంటుంది, తొందరలో ఎవరో చూపించిన మొదటి గదిలో చేరిపోతారు. ఆ గది ఎట్లా ఎంచుకోవాలో ఈరోజు చెప్పుకుందాం.

ఇళ్లల్లో పనికి పోయేవాళ్లు, అంటే 20వ నంబరు అకామా వాళ్లు, పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంట్లోనే ఉంటారు కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు. అకామా అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి. 18వ నంబరు అకామా మీద కంపెనీల్లో పనిచేస్తూ సొంతంగా గది చూసుకునేవాళ్లకు, 22 మీద భార్యాపిల్లలను పిలిపించుకునేవాళ్లకు ఈ మాటలు.

ముందు ఆ తీరం ఎట్లా ఉందో తెలుసుకోవాలి. కువైట్ నగరం ఎదుట ఉన్న సముద్రం ఉత్తరం వైపు ఉంటుంది. సాల్మియా దగ్గర తీరం మలుపు తిరుగుతుంది. అక్కడినుంచి దక్షిణంగా ఫింటాస్, మహబూలా, అబూ హలీఫా, మంగాఫ్, ఫహాహీల్ వరుసగా వస్తాయి, ఆ పొడవునా సముద్రం తూర్పున ఉంటుంది. నగరం నుంచి ఫహాహీల్‌కు దాదాపు 35 కిలోమీటర్లు. మనవాళ్లు ఎక్కువగా ఉండే జలీబ్, అదే మనం అబ్బాసియా అంటామే, అదీ ఫర్వానియా, ఖైతాన్‌లూ సముద్రానికి దూరంగా లోపలున్నాయి. ఆ దేశంలో మెట్రో రైలు లేదు. బస్సు, కంపెనీ బండి, లేకుంటే సొంత కారు. నగరం పక్కనున్న షువైఖ్‌లో పని పెట్టుకుని మంగాఫ్‌లో ఇల్లు తీసుకుంటే రోజులో ఎంత పొద్దు 30వ నంబరు రోడ్డు మీద పోతుందో లెక్క వేసుకోండి. మీనా అబ్దుల్లా, షుఐబా, అహ్మదీ వైపు పని ఉన్నవాళ్లకైతే ఆ దక్షిణ తీరమే దగ్గర.

దూరం కన్నా ముందు చూడాల్సింది చట్టం. కువైట్‌లో నివాస ప్రాంతాలు రెండు రకాలు. ఆ దేశస్థులు సొంత విల్లాలు కట్టుకున్న ప్రాంతాలు ఒక రకం. బాడుగకివ్వడానికే కట్టిన పెద్ద భవనాల ప్రాంతాలు రెండోది. మొదటి రకంలో కుటుంబం లేని మగవాళ్లకు ఇల్లు బాడుగకివ్వడం నిషేధం. 1992లో వచ్చిన చట్టం ఇది. విల్లా వెనక గది చవగ్గా వస్తుందని చేరితే తనిఖీకి వచ్చిననాడు కరెంటు తీసేస్తారు, సామాను వీధిలో ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్లు బాడుగ భవనాల ప్రాంతాల్లోనే చూసుకోవాలి.

ఇక బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు. దాంట్లో మీరుండే ఇంటి అడ్రసు ఉంటుంది. అకామా పనులు, మీరు ఏ సర్కారు దవాఖానాకు పోవాలన్నది, అన్నీ ఆ అడ్రసు మీద నడుస్తాయి. ఇల్లు మారితే బతాకాలో అడ్రసు మార్చుకోవాలి. ఇంటి యజమాని వీళ్లు ఇక్కడ లేరని చెప్పినా, భవనం కూల్చేసినా ఆ అడ్రసు కొట్టేసి, పేర్లు సర్కారు గెజిట్‌లో వేస్తారు. 30 రోజుల్లో కొత్త అడ్రసు చూపించకపోతే 100 దినార్ల దాకా జరిమానా. అందుకే ఇల్లు చూసినప్పుడు బాడుగ ఎంత అని అడగకముందే, "మా పేరు మీద కాంట్రాక్టు ఇస్తారా, ఈ అడ్రసు బతాకాలో ఎక్కుతుందా" అని అడగండి. ఇవ్వనంటే అక్కడినుంచి వచ్చేయండి. డబ్బులిస్తే వేరేచోట అడ్రసు పెట్టిస్తామనేవాళ్లు దొరుకుతారు. ఆ పని చేసి అరెస్టయినవాళ్లున్నారు, దాని జోలికి పోవద్దు.

భవనం బయట గోడకు చిన్న పలక ఉంటుంది, దాని మీద 8 అంకెల నంబరు. అది ఆ భవనం పాసీ నంబరు. పాసీ అంటే బతాకాలిచ్చే సర్కారు శాఖ. కువైట్ ఫైండర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే మ్యాపులో అదే భవనం రావాలి. కాంట్రాక్టులోనూ అదే నంబరు ఉండాలి. రెండు నిమిషాల పని ఇది. ఇది చూడక పక్క భవనం కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాళ్లుంటారు.

ఒక ఫ్లాటు తీసుకుని ప్లైవుడ్ అడ్డాలు కట్టి, మంచానికింత అని బెడ్ స్పేస్ ఇచ్చేవాళ్లు చాలామంది. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బాడుగదారు ఇంకొకరికి బాడుగకివ్వడం చెల్లదు. అతను లీవు మీద ఊరికి పోయి తిరిగి రాకపోతే మీ అడ్వాన్సూ పోతుంది, మంచమూ పోతుంది. అంతకన్నా పెద్ద భయం నిప్పు. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు లేచి దాదాపు 50 మంది చనిపోయారు. ఎక్కువమంది భారతీయులు, మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు. కింద కాపలాదారు గదిలో కరెంటు షార్టయిందని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. గదులకు మధ్య పెట్టిన అడ్డాలు తొందరగా అంటుకునే సరుకుతో చేసినవి. మేడ మీది తలుపుకు తాళం వేసి ఉంది. మంట తాకినవాళ్లకన్నా పొగకు ఊపిరాడక పోయినవాళ్లే ఎక్కువ.

కాబట్టి గది చూడటానికి పోయినప్పుడు లిఫ్టులో పైకి ఎక్కి, మెట్ల మీద దిగి రండి. మెట్ల దారిలో పాత మంచాలు, సైకిళ్లు, అట్టపెట్టెలు ఉన్నాయా? మేడ తలుపు తెరుచుకుంటుందా? రెండో మెట్ల దారి ఉందా? గ్యాసు సిలిండర్లు కిందనే గుంపుగా పేర్చారా? ఈ నాలుగు సరిగా లేని భవనం ఎంత చవకైనా వద్దు.

ఇప్పుడు గాలి సంగతి. మన కడప ఎండ పొడి ఎండ, నీడకు పోతే చెమట ఆరుతుంది. కువైట్ లోపలి ఎడారిలో మిత్రిబా దగ్గర 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. తీరంలో అంత రాదు కానీ ఉక్కతో ప్రాణం విసిగిపోతుంది. జూన్, జూలైలో వాయవ్యం నుంచి షమాల్ అనే గాలి వీస్తుంది. అది పొడిగాలే, దుమ్ము మాత్రం విపరీతం. ఆగస్టు, సెప్టెంబరులో ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి తిరిగిందంటే గాజు కిటికీల బయట నీళ్లు కారతాయి, ఏసీ సరిగా లేని గదిలో గోడ మూలలకు నల్లగా బూజు పడుతుంది.

సముద్రం కనిపించే మొదటి వరుస భవనాలకు బాడుగ ఎక్కువ. ఆ డబ్బుకు మీకు దొరికేది ఉప్పుగాలి. కిటికీ మడతబందులు తుప్పు పడతాయి, ఏసీ బయటి పెట్టెలో రేకులు తెల్లగా పొడి రాలి చల్లదనం తగ్గుతుంది, బండి అడుగు తినేస్తుంది. రెండో వరుసలోనో మూడో వరుసలోనో తీసుకుంటే సాయంత్రం ఒడ్డుకు నడిచి పోయే దూరమే, ఈ తిప్పలు తక్కువ. తూర్పు ముఖం ఉన్న గదికి ఎండ పొద్దున పూట పడి పోతుంది. పడమర గదిని మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఎండ కాలుస్తుంది, షమాల్ దుమ్మూ ఆ పక్కకే. ఫహాహీల్‌కు దక్షిణంగా చమురు శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి, గాలి అటునుంచి తిరిగితే వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిబిడ్డలున్నవాళ్లు ఉత్తరంగా సాల్మియా వైపు చూసుకోవడం మేలు.

అంతస్తు విషయంలో మధ్య అంతస్తులే నయం. పై అంతస్తుకు మిద్దె ఎండ, నెత్తిన ఏసీ యంత్రాల మోత. కింద సర్దాబ్, అంటే నేలమాళిగ గదులు, వానకు మునుగుతాయి. 2018 నవంబరు వానలకు ఫహాహీల్, మంగాఫ్ వైపు రోడ్లు చెరువులయ్యాయి, ఆ దెబ్బకు అక్కడి ప్రజా పనుల మంత్రి రాజీనామా కూడా చేశాడు. మరీ ఎత్తులో తీసుకోవద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2024 జూన్‌లో లోడు తట్టుకోలేక కొన్ని ప్రాంతాల్లో గంట, రెండు గంటలు కరెంటు తీశారు. లిఫ్టు ఆగితే సామానుతో, బిడ్డతో ఎన్ని మెట్లు ఎక్కగలరు?

ఇల్లు చూడటానికి మంచి సమయం వేసవి మధ్యాహ్నం రెండు, మూడు గంటలు. బళ్లకు సెలవులిచ్చి కుటుంబాలు ఊళ్లకు పోయే జూన్, జూలైలో ఖాళీలు కూడా ఎక్కువ దొరుకుతాయి. జనవరిలో చూస్తే ప్రతి ఇల్లూ చల్లగానే ఉంటుంది, ఏసీ బండారం తెలియదు. లోపలికి పోయి ఏసీ వేయించి అరగంట కూర్చోండి. అన్ని కొళాయిలూ ఒకేసారి తిప్పండి. స్నానాల గదిలో కాలువ వాసన చూడండి. వంటగదికి కిటికీగానీ, బయటికి గాలి తోసే ఫ్యానుగానీ లేకపోతే మన తిరువాత ఘాటు పడకగదిలోనే ఉంటుంది, పక్క ఫ్లాటు వాళ్లు తలుపు కొడతారు. కొన్ని కొత్త భవనాల్లో గ్యాసు ఒప్పుకోరు, కరెంటు పొయ్యి మాత్రమే. అదీ అడగండి.

నీళ్ల తొట్లు మిద్దె మీద ఎండలో ఉంటాయి. వేసవిలో చన్నీళ్ల కొళాయి తిప్పినా చేయి కాలుతుంది. అక్కడివాళ్లు చేసే ఉపాయం ఒకటుంది. గీజరు స్విచ్చి ఆపేస్తారు. లోపల ఏసీ చల్లదనంలో ఉన్న గీజరులో నీళ్లు నిలిచి చల్లబడతాయి, వేడినీళ్ల కొళాయి తిప్పి ఆ నీళ్లతో స్నానం చేస్తారు. అందుకని గీజరు పెద్దదా చిన్నదా, ఇంటి లోపలుందా బయటుందా చూసుకోండి.

బకాలా అంటే చిన్న కిరాణా కొట్టు, జమియా అంటే సహకార సంఘం దుకాణం. అవీ, బస్‌స్టాపూ నడక దూరంలో ఉన్నాయో లేదో హారిస్‌ను అడిగితే చెబుతాడు. హారిస్ అంటే భవనం చూసుకునే కాపలామనిషి. చిన్నాచితకా మరమ్మతులకు మీరు మొదట చెప్పుకోవాల్సింది అతనికే కాబట్టి మొదటిరోజే మంచిగా పలకరించండి. డబ్బు మాత్రం అతని చేతికి రసీదు లేకుండా ఇవ్వొద్దు.

కాంట్రాక్టు అరబ్బీలో ఉంటుంది. చదవగలిగినవాళ్లతో చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. అడ్వాన్సు మామూలుగా నెల బాడుగ. చాలా భవనాల్లో కరెంటు, నీళ్లు బాడుగలోనే కలిసి ఉంటాయి, అయితే ఆ మాట కాగితంలో ఉండాలి. ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలో కూడా రాయించుకోండి. అక్కడి 1978 బాడుగ చట్టం ప్రకారం అయిదేళ్లు నిండకుండా యజమాని బాడుగ పెంచలేడు. అదే చట్టం మీ మీద కూడా పనిచేస్తుంది. గడువు తేదీ దాటి 20 రోజుల్లోపు బాడుగ కట్టకపోతే ఖాళీ చేయించమని యజమాని కోర్టుకు పోవచ్చు. జీతం ఆలస్యమయ్యే కంపెనీలో ఉన్నవాళ్లు ఒక నెల బాడుగ ఎప్పుడూ పక్కన పెట్టుకోవాలి. బ్యాంకు ద్వారా కట్టి ఆ సందేశాలు దాచుకోండి.

చేరిన రోజే గోడలు, కిటికీలు, ఏసీ, వంటగది ఫోనులో వీడియో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. ఆ వారంలోనే అడ్రసు మార్పుకు పెట్టుకుని, మార్పు అయ్యాక మీ బతాకాలో కొత్త అడ్రసు వచ్చిందో లేదో సహెల్ అనే సర్కారు యాప్‌లో చూడండి. ఖాళీ చేసేటప్పుడు తాళాలు ఇచ్చేముందు అదే గదులు మళ్లీ వీడియో తీసి, బాకీ లేదని కాగితం రాయించుకుని, అడ్వాన్సు చేతికి వచ్చాకే తాళం ఇవ్వండి.

నమస్కారం.