చదివింపుల పుస్తకం బీరువాలో ఎందుకుంటుంది?

అందరికీ నమస్కారం. మొన్న ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాలు బాగున్నాయి, కానీ ఇవాళ చెప్పేది వాటి గురించి కాదు. మండపం గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు, ముందు పొడుగాటి పుస్తకం, దాని నాలుగు మూలలా పసుపు, ఒళ్లో సంచీ. బల్ల మీద క్యూఆర్ కోడ్ కూడా అంటించారు. నా ముందున్న కుర్రాడు ఫోన్‌లో 1,116 కొట్టేసి వెళ్లబోతుంటే పెద్దాయన ఆపారు. "బాబూ, డబ్బులు పడ్డాయిలే, ఇంటిపేరు, ఊరు చెప్పి వెళ్లు, రాసుకోవాలి." ఫోను మోగినా సరిపోదన్నమాట, పుస్తకంలోకి ఎక్కాలి!

అసలు చదివింపులు అనే మాట చూడండి. ఎవరెంత ఇచ్చారో పందిట్లో పైకి చదివేవాళ్లు. "ఫలానావారు నూట పదహార్లు" అనగానే ఆయన కండువా సర్దుకునేవాడు, పది రూపాయలు ఇచ్చినాయన చెప్పులు వెతుక్కునేవాడు. ఇప్పుడు పైకి చదవడం చాలాచోట్ల పోయింది. పెళ్లయ్యాక ఇంట్లో తలుపేసుకుని చదువుకోవడం మాత్రం ఎక్కడా పోలేదు.

ఈ 116 ఎక్కడిదంటే, నిజాం రాజ్యంలో హాలీ సిక్కా అని వేరే రూపాయి ఉండేది, బ్రిటిష్ వాళ్ల వంద రూపాయలకు అవి సుమారు 116 అయ్యేవి, అందుకని అలా వచ్చిందని చాలామంది చెబుతారు. కథ బాగుంది. మరి విశాఖపట్నం వైపు కూడా నూట పదహార్లే ఎందుకంటారో నాకైతే అర్థం కాదు.

సరే, అసలు సంగతికి వస్తా. శుభలేఖ రాగానే మన ఇళ్లలో మొదట వినపడే మాట, "మన పెళ్లికి వాళ్లెంత రాశారో చూడు." వాళ్లు వెయ్యి రాస్తే మనం పదిహేను వందలు. సరిగ్గా వెయ్యే ఇస్తే బాకీ చెల్లేసినట్టుంటుందని భయం. ఇదంతా వడ్డీ వ్యాపారమని నేనూ చాలాకాలం వెక్కిరించాను, కానీ ఏ వ్యాపారైనా ఖాతా ఎప్పుడు తేలుతుందా అని చూస్తాడు, ఇక్కడేమో రెండు వైపులా అది తేలిపోకూడదనే చూస్తారు. అయితే ఇందులో చేదు కూడా ఉంది. ఒంట్లో బాగోలేదని పెళ్లికి రానివాళ్లందరికీ జ్వరమే అనుకుంటున్నారా? చేతిలో డబ్బు ఆడక ఆగిపోయినవాళ్లు ఎంతమందో. అందుకే శుభలేఖ కింద "చదివింపులు స్వీకరించబడవు" అని వేసేవాళ్లంటే నాకు గౌరవమే.

అలాంటి శుభలేఖే మా ఇంటికీ వచ్చింది, పాత ఊళ్లో మా ఎదురింటావిడ మనవరాలి పెళ్లి. అమ్మ బీరువాలోంచి, ఇంటి దస్తావేజుల కింద నుంచి, తన పెళ్లినాటి పుస్తకం తీసింది. కాగితాలు పసుపు కంటే పచ్చగా అయిపోయాయి. వేలు పెట్టి వెతికి చూపించింది, "ఎదురింటి వదిన, స్టీలు బేసిన్ 1." ఆ బేసిన్‌లోనే ఇప్పటికీ మా ఇంట్లో ఇడ్లీ పిండి కలుపుతారు. అమ్మ శుభలేఖ మళ్లీ ఒకసారి చదివి, కళ్లజోడు తీసి నన్నడిగింది:

"ఏమీ వద్దంటున్నారేంట్రా, మరి ఆవిడ బేసిన్ సంగతో?"