ధార సన్నబడితే దాచుకోకండమ్మా

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నన్ను కిడ్నీలో రాళ్ల గురించి మాట్లాడమన్నారు. అది ఇంకోసారి పెట్టుకుందాం. ఇవాళ మూత్రం ధార సరిగా రాక అవస్థపడ్డ ఒకావిడ సంగతి చెప్పి తీరాలి.

యాభై దాటిన మనిషి. అనంతపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. బాత్రూంలో ఎంతసేపు కూర్చున్నా మూత్రం రాదు. ముక్కాలి, పొత్తికడుపు చేత్తో నొక్కుకోవాలి. లేచి నిలబడి మళ్లీ కూర్చుంటే ఇంకాస్త వస్తుంది. మూడేళ్లపాటు వెళ్లిన చోటల్లా ఇన్‌ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్స్ రాశారు. "ధార ఎలా వస్తోందమ్మా?" అని ఒక్కరూ అడగలేదు! మగవాళ్లయితే మొదటిరోజే అడుగుతారు, మూత్రాశయం కింద ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది, అది వాచి అడ్డొస్తుంది కాబట్టి. ఆడవాళ్లకు అది లేదు కదా, అడ్డేముంటుంది అనుకుంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అడ్డు ఉంటుందమ్మా. గర్భసంచో మూత్రాశయమో కిందికి జారితే మూత్రనాళం మడతపడుతుంది. దగ్గితే మూత్రం పడుతోందని ఆపరేషన్ చేసి నాళం కింద ఆసరాగా పెట్టిన టేపు బిగుతైనా అడ్డమే. కొందరికి నాళమే సన్నబడుతుంది. కొందరికి వదులవ్వాల్సిన కండరాలు పోసేటప్పుడే బిగుసుకుంటాయి.

పరీక్షంటే టెన్షన్ పడకండి. మూత్రం బాగా నిండాక, గరాటు అమర్చిన కుర్చీలో కూర్చుని పోస్తే, ధార ఎంత వేగంగా వస్తోందో యంత్రం గీత గీస్తుంది. కనీసం 150 మిల్లీలీటర్లు రావాలి, లేకపోతే ఆ గీతను నమ్మలేం. మామూలుగా అది గంట ఆకారంలో లేచి దిగుతుంది. ఈవిడది నేలబారుగా సాగింది, ముక్కినప్పుడల్లా కాస్త ఎగిసింది. వెంటనే స్కానింగ్ చేస్తే లోపల ఇంకా చాలా మిగిలే ఉంది.

అయినా ధార సన్నగా ఉందని అడ్డమని తేల్చేయకూడదు. షుగర్ వల్లో మరో కారణం వల్లో మూత్రాశయం కండరం నీరసపడినా అలాగే వస్తుంది. తేడా తెలియాలంటే యూరోడైనమిక్స్ చేయాలి. సన్నటి గొట్టం పెట్టి, లోపలి ప్రెషర్ కొలుస్తూ పోయిస్తారు. ప్రెషర్ ఎక్కువగా ఉండి ధార తక్కువైతే అడ్డు. ప్రెషరే లేకపోతే కండరం. ఎక్స్‌రేతో కలిపి చేస్తే అడ్డు ఎక్కడుందో కూడా కనబడుతుంది. ఇంతకుమించితే అడ్డేనని అందరూ ఒప్పుకున్న అంకె ఆడవాళ్ల విషయంలో ఇంకా లేదు. 2000లో బ్లేవాస్, గ్రౌట్జ్ అనే డాక్టర్లు ప్రెషర్, ధార అంకెలనుబట్టి అడ్డు తేల్చడానికి వేసిన చార్టు ఉంది కానీ, దాన్నిబట్టే తేల్చేస్తే అడ్డు లేనివాళ్లకూ ఉన్నట్టు పడొచ్చు. మనిషిని పడుకోబెట్టి చూడాల్సిందే.

ఈవిడను అలా చూసి దగ్గమంటే జారిన గర్భసంచి బయటపడింది. గర్భసంచి జారకుండా లోపల ఆపే రింగు పెట్టి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాం. ధార వచ్చింది. ఆవిడ అక్కడే ఏడ్చేశారు.

వెనక కూర్చున్న అన్నయ్యలూ, మీ ఇంట్లోవాళ్లు బాత్రూంలో ఎందుకంతసేపు ఉంటున్నారో విసుక్కోకుండా అడగండి. అమ్మా, డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. మూడు రోజులు ఎప్పుడు, ఎంత పోశారో రాసుకుని వెళ్లండి. ఇక్కడ అడగడానికి మొహమాటమైతే భోజనాలయ్యేదాకా నేను మెట్ల దగ్గరే ఉంటాను, ఒక్కొక్కరే రండి.