తగ్గడం వేరు, నయం కావడం వేరు

అందరికీ నమస్కారం. ఇంకొన్నాళ్లలో మీరంతా నర్సులుగా వార్డుల్లో అడుగుపెడతారు. మందుల పేర్లు, డోసులు మీ టీచర్లు బాగానే నేర్పారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ మందు చేతిలో పెట్టేటప్పుడు మన నోట వచ్చే మాట గురించి. రోగి ఇంటికెళ్లాక ఏం చేస్తాడన్నది చాలాసార్లు ఆ మాటను బట్టే ఉంటుంది.

జబ్బు వెనక్కి తగ్గడాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. జ్వరం విడుస్తుంది, నెమ్మదిస్తుంది. పుండు మానుతుంది. విరేచనాలు కడతాయి. విషం దిగుతుంది. మనిషి తేరుకుంటాడు, కోలుకుంటాడు, లేచి తిరుగుతాడు. పుండు విడిచిందని ఎవరూ అనరు, చదువు రానివాళ్లు కూడా అనరు. ఇంత సంపద చేతిలో ఉండి కూడా ఆసుపత్రిలో మనం అన్నిటికీ ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాం: తగ్గింది.

టీబీ సంగతే చూడండి. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి. ఆకలి పుడుతుంది, ఒళ్లు కాస్త తేరుతుంది. రోగిని "ఎలా ఉంది?" అని అడిగితే "తగ్గిందమ్మా" అంటాడు. మనం కూడా "తగ్గింది కదా, మంచిదే" అంటాం. ఆయన చెప్పింది దగ్గు గురించి. మన మాటతో జబ్బే తగ్గిపోయిందని ఇంటికెళ్లి బిళ్లలు పక్కన పెట్టేస్తాడు. మందులకు లొంగే మామూలు టీబీకి మన దేశంలో 6 నెలల చికిత్స ఇస్తున్నాం. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. దగ్గు ఆగిపోయినా, దాదాపు కదలిక లేకుండా పడి ఉన్న క్రిములు లోపల ఇంకా మిగిలే ఉంటాయి. ఆ చివరి 4 నెలల మందు వాటి కోసమే. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కోసారి మందులకు లొంగని రూపంలో. అందుకే "దగ్గు తగ్గింది బాబాయ్, జబ్బు ఇంకా లోపలే ఉంది, ఫలానా నెల దాకా మందు ఆపకూడదు" అని నెల పేరుతో సహా చెప్పండి.

షుగర్ విషయంలో ఇదే మాట ఇంకా చిక్కు పెడుతుంది. "నాన్నకు షుగర్ తగ్గింది" అని ఎవరైనా ఫోన్ చేస్తే, రిపోర్టులో అంకె తగ్గిందా, లేక షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయా అని వెంటనే అడగాలి. మొదటిది సంతోషం, రెండోది ఎమర్జెన్సీ. అంకె బాగున్నప్పుడు "అదుపులో ఉంది" అనండి. మందు వేసుకుంటున్నందువల్లే అదుపులో ఉందని కూడా అదే నోటితో చెప్పండి.

మాట విషయంలో నేను గౌరవించే ఉదాహరణ ఒకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్ అనే మందును తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికన్ డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనకపట్టు పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బును ఆపిన మందే లేదు. అయినా ఆ వ్యాసం శీర్షికలో నయమైందన్న మాట లేదు. తాత్కాలిక ఉపశమనం అనే రాశారు. అది నిజం కూడా, జబ్బు మళ్లీ వచ్చింది. అంత పెద్ద విజయం చేతిలో పెట్టుకుని అంత జాగ్రత్తగా మాట్లాడగలగడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇక విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతికిస్తే "కడతాయా అమ్మా?" అని తల్లి అడుగుతుంది. పనితొందరలో "ఆ, కడతాయి" అనేస్తాం. ఓఆర్ఎస్ పని విరేచనాలు కట్టించడం కానే కాదు, పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఒంట్లోకి చేర్చడం. సాయంత్రానికి కట్టకపోతే ఆ తల్లి మందు పనిచేయలేదనుకుని పారబోస్తుంది, సరిగ్గా బిడ్డకు అది కావలసిన వేళలో. "ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు తాగించు, కట్టడానికి టైం పడుతుంది, పోయిన నీళ్లు తిరిగి ఒంట్లోకి చేర్చడమే మన పని" అని చెప్తే గ్లాసు కింద పెట్టదు. జింకు బిళ్లలు కూడా అంతే. విరేచనాలు కట్టాక కూడా 14 రోజులు పూర్తిగా వేయాలని విడిగా చెప్పాలి.

పాముకాటుకు "విషం దించడం" అన్న మాట ప్రాణాలే తీస్తోంది. విషం పైకి ఎక్కుతుంది, మంత్రంతో కిందికి దిగుతుంది అన్న ఊహ ఆ మాటలోనే ఉంది. కరిచిన పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. అలా బతికినవాళ్లంతా మంత్రగాడి ఖాతాలో పడతారు. విరుగుడు ఇంజెక్షన్ రక్తంలో ఉన్న విషాన్ని పట్టి పనిచేయకుండా చేస్తుంది, అందుకే ప్రతి నిమిషం విలువైనదే. అలాగని బంధువుల మీద విసుక్కోకండి. వాళ్ల భయం నిజమైనది.

చివరిగా, నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి." క్యాన్సర్ ముదిరిన మనిషి ముందు, ఇంటివాళ్ల ముందు ఇది అనకండి. నొప్పికి మార్ఫిన్ ఉంది. అది ఆసుపత్రులకు సులువుగా దొరకాలనే 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు. ఆయాసానికి, వాంతులకు, నిద్ర పట్టకపోవడానికి చేయగలిగింది ఎంతో ఉంది. "జబ్బును నయం చేసే మందు ఇక లేదు. నొప్పి తగ్గించే మందు ఉంది, అది మేం ఇస్తాం. రాత్రిపూట నొప్పి ఎక్కువైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనండి. నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి, ఆ ఫోన్ ఎత్తే మనిషి ఎవరో ముందే చూసుకోండి.