ఐదుగురు ఆడితే నలుగురి లెక్క

శ్రోతలకు నమస్కారం.

గోల్ఫ్ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఒక్క మనిషే. పచ్చని మైదానం, చేతిలో కర్ర, చుట్టూ నిశ్శబ్దం. తప్పు కొట్టినా తనదే, ఒప్పు కొట్టినా తనదే. అదే ఆట అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాత్రం జట్టు ఆట. ఇవాళ ఆ ముచ్చట చెబుతాను.

మనవాడితోనే మొదలుపెడతాను. సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. చిన్నప్పుడే వెన్నెముక కాస్త వంకర అని తేలినా ఆట వదల్లేదు. మాలిబులో సముద్రాన్ని ఆనుకున్న కొండ మీద పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుతూ ఆడుతుండగా మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. ఒక సీజన్ మొత్తం పోయింది. తిరిగొచ్చి 2020లో కళాశాల గోల్ఫ్‌కు ఇచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లస్ పురస్కారాలు మూడూ గెలుచుకున్నాడు. జట్టు కూడా మంచి ఊపు మీద ఉంది. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి పడింది, జాతీయ పోటీలు రద్దయ్యాయి. సాహిత్ ప్రొఫెషనల్ అయిపోయాడు. మరుసటి ఏడాది, 2021లో, అరిజోనాలో పెప్పర్‌డైన్ కుర్రాళ్ళు ఓక్లహోమాను 3-2తో ఓడించి జాతీయ కప్పు తెచ్చుకున్నారు. ఆ ఐదుగురిలో సాహిత్ లేడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2023 సెప్టెంబరులో నాపాలో పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల్లో, తొలి టైటిల్ గెలిచినప్పుడు అమ్మానాన్నలు పక్కనే ఉన్నారు. ఆ దృశ్యం చూశాక కొంత ఊరట కలిగింది.

ఇంతకీ జట్టుగా ఎలా ఆడతారు? ఒక్కో జట్టు నుంచి ఐదుగురు దిగుతారు. గోల్ఫ్‌లో బంతిని ఎంత తక్కువసార్లు కొట్టి గుంతలో వేస్తే అంత మంచిది. ఆ గుంతనే హోల్ అంటారు, అలాంటివి పద్దెనిమిది పూర్తిచేస్తే ఒక రౌండ్. ప్రతి రౌండ్‌లో అందరికంటే ఎక్కువసార్లు కొట్టినవారి స్కోరు పక్కనపెట్టి, మిగతా నలుగురివి కలుపుతారు. ఎవరి స్కోరు పోతుందో చివరిదాకా తెలియదు. అందుకే బాగా వెనకబడ్డ పిల్ల కూడా ఆఖరి బంతిదాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాల్సిందే. పైగా చాలా పోటీల్లో మొదటి రోజే 36 హోల్స్. అంటే పొద్దున్నుంచి సాయంత్రందాకా దాదాపు 15 కిలోమీటర్ల నడక. టీవీలో కనిపించే పెద్ద ఆటగాళ్ళకు బ్యాగు మోసే మనిషి ఉంటాడు. వీళ్ళు మాత్రం 14 కర్రల బ్యాగును తమ భుజానే వేసుకునో, చిన్న బండి మీద తోసుకుంటూనో వెళ్ళాలి. తిరిగొచ్చాక పరీక్షలు ఎటూ ఉంటాయి. మార్కులు తగ్గితే ఆడనివ్వరు.

ఇక అమ్మాయిల సంగతి. ఆడపిల్లలున్న ఇళ్ళలో ఇది కాస్త శ్రద్ధగా వినమని కోరుతున్నాను. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపకూడదని దాని సారాంశం. అక్కడి ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే 85 స్కాలర్‌షిప్పులు మగపిల్లలకు పట్టుకుపోయేది. ఆ తేడా పూడ్చాలంటే మిగతా ఆటల్లో అమ్మాయిల వైపు మొగ్గాలి. అందువల్ల పై స్థాయి గోల్ఫ్‌లో చాలా ఏళ్ళపాటు మగ జట్టుకు నాలుగున్నర స్కాలర్‌షిప్పులైతే ఆడ జట్టుకు ఆరు ఉండేవి. 2025లో వచ్చిన కొత్త ఒప్పందంతో ఆ లెక్క మారింది. అందులో చేరిన విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు జట్టుకు గరిష్ఠంగా తొమ్మిదిమంది ఉండొచ్చు, తలుచుకుంటే అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. సాహిత్ చదివిన పెప్పర్‌డైన్‌లోనే చదివిన డానియెల్ కాంగ్ 2010, 2011లో వరసగా అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్, అంటే ప్రొఫెషనల్ కానివారి టైటిల్, గెలిచింది. స్టాన్‌ఫర్డ్ అమ్మాయి రోజ్ జాంగ్ 2022, 2023లో కళాశాలల వ్యక్తిగత టైటిల్ గెలిచింది. దాన్ని రెండుసార్లు గెలిచిన తొలి మహిళ ఆమే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 2015 ఫైనల్. జాతీయ పోటీల చివరి దశలో ఎనిమిది జట్లు మిగిలాక ఐదుగురికి ఐదుగురు ముఖాముఖి తలపడతారు. ఇక్కడ ఏ హోల్‌కు ఆ హోల్ లెక్క, ఎక్కువ హోల్స్ గెలిచినవారిదే ఆట. మూడు గెలిచినవాళ్ళదే కప్పు. మగవాళ్ళకు ఈ పద్ధతి 2009లో వచ్చింది, ఆడవాళ్ళకు మాత్రం 2015లోనే మొదలు. ఫ్లోరిడాలో స్టాన్‌ఫర్డ్, బేలర్ విశ్వవిద్యాలయాల జట్లు తలపడ్డాయి. చెరో రెండు గెలిచారు. మిగిలింది ఒక్క ఆట. స్టాన్‌ఫర్డ్ తరఫున ఆడుతున్న మరైయా స్టాక్‌హౌస్ రెండు హోల్స్ వెనకబడి ఉంది. మిగిలినవీ రెండే. ఒక్కటి సమమైనా కథ ముగిసినట్టే. ఆమె పదిహేడోది గెలిచింది. పద్దెనిమిదోదీ గెలిచింది. లెక్క సమమై పంతొమ్మిదో హోల్‌కు వెళ్ళారు. అక్కడా ఆమే గెలిచింది.

స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలకు గోల్ఫ్‌లో అదే మొదటి జాతీయ కప్పు. తమ తమ ఆటల్లో ఆరోజు ఓడిపోయిన ఇద్దరి పేర్లూ ఆ ఛాంపియన్ జట్టులోనే ఉన్నాయి.

సెలవు. నమస్కారం.