మూర్ఛ మందులు మెదడు తరంగాలను ఎలా మారుస్తాయి: విశాఖ స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. మెదడులో ఒకచోట మొదలయ్యే ఫోకల్ మూర్ఛకు మందులు వాడేవారి ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) గురించి నేటి చర్చ. డాక్టరు గారూ, మందు పనిచేస్తే ఈఈజీ కూడా మామూలుగా మారిపోతుందా?

న్యూరాలజిస్టు: తప్పనిసరిగా మారుతుందని చెప్పలేమండీ. ఫిట్స్ పూర్తిగా ఆగినవారిలో కూడా, ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య ఈఈజీలో సూదిమొనల్లా కనిపించే స్పైకులు అలాగే ఉండవచ్చు. కార్బమజెపైన్ వంటి మందులు ఫిట్స్‌ను అదుపు చేసినంతగా స్పైకులను తగ్గించవు కాబట్టి, ఫోకల్ మూర్ఛలో స్పైకులను లెక్కబెట్టి మోతాదు పెంచడం నాకు సమ్మతం కాదు.

వ్యాఖ్యాత: తరంగాలు నెమ్మదించాయని రిపోర్టులో చూసి, జబ్బు ముదిరిందని భయపడేవారున్నారు.

న్యూరాలజిస్టు: ఆ భయం నేను రోజూ చూస్తున్నదే. పెద్దవారు మేలుకొని కళ్లు మూసుకున్నప్పుడు తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు సాగే ఆల్ఫా లయ కనిపిస్తుంది. కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటాయిన్ వాడేవారిలో ఆ లయ కొంత మందగించవచ్చు. 10 ఉన్నది 9కి దిగినా సాధారణ పరిధిలోనే ఉంటుంది గనుక, పాత రికార్డును పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ తేడా తెలియదు. లామోట్రిజిన్, లెవెటిరాసిటమ్‌లతో ఈ మార్పు తక్కువ. క్లోబజామ్, ఫినోబార్బిటాల్ మాత్రం వేగంగా సాగే బీటా తరంగాలను పెంచుతాయి. అయితే మందగింపుతో పాటు మగత, మతిమరుపు ఉన్నాయని రోగి చెబితే, రిపోర్టు కంటే ముందు ఆ మాట వినాలి.

వ్యాఖ్యాత: పరీక్ష గదిలో మీకు ఎదురయ్యే ఇబ్బందులేమిటండీ?

ఈఈజీ టెక్నీషియన్: పాడేరు, పార్వతీపురం నుంచి అంత దూరం వచ్చినవారి చీటీలో చాలాసార్లు మందు పేరే ఉండదు. తలకు నూనె రాసుకుని వస్తే ఎలక్ట్రోడ్లు సరిగా పట్టవు, మళ్లీ తలస్నానం చేయించాల్సి వస్తుంది. పరీక్ష ఉందని కొందరు ఉదయం మాత్ర మానేస్తారు. అందుకే నేను మాత్రల అట్ట చూపించమని అడిగి, "కార్బమజెపైన్ 200, ఉదయం 7 గంటలకు" అని రికార్డు పైనే రాసి పంపుతాను.

న్యూరాలజిస్టు: ఆ ఒక్క వరుస నాకు ఎంతో అవసరం. ఫిట్ వచ్చినప్పుడు రోగి వీడియోనూ తరంగాలనూ కలిపి నమోదు చేసే వీడియో ఈఈజీ కోసం మేము మోతాదు తగ్గించినా, రోగిని ఆసుపత్రిలో ఉంచి, కనిపెట్టుకుని ఉండే తగ్గిస్తాం. ఇంటి దగ్గర హఠాత్తుగా మానేస్తే, ముఖ్యంగా క్లోబజామ్, ఫినోబార్బిటాల్ విషయంలో, ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యాత: ఈఈజీ శుభ్రంగా వస్తే మందులు ఆపవచ్చా?

న్యూరాలజిస్టు: అదొక్కటే చాలదు. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకపోతేనే, ఎంఆర్ఐ, వయసు, మూర్ఛకు కారణం కూడా చూసి, మెల్లగా తగ్గించే ఆలోచన చేస్తాం.