ఫ్రిజ్ చల్లబడట్లేదా? గ్యాస్ నింపించే ముందు ఇవి చూసుకోండి

(షాట్: తెరిచిన ఫ్రిజ్, లోపల లైటు, మూత పైకి లేచిన దోశ పిండి డబ్బా)

అందరికీ నమస్కారం. ఫ్రిజ్‌లో లైటు వెలుగుతోంది, కంప్రెసర్ చప్పుడు కూడా వస్తోంది, కానీ నిన్న సాయంత్రం కొట్లో కొన్న పిండి పొద్దున్నకల్లా పొంగి మూత లేపేసింది. మన చెన్నై ఇళ్లలో ఫ్రిజ్ పాడవుతోందని అన్నిటికంటే ముందు తెలిసేది ఈ పిండి వల్లే. వెంటనే మెకానిక్‌ని పిలుస్తాం, ఆయన వచ్చి లోపల చెయ్యి పెట్టి చూసి 'గ్యాస్ పోయిడుచ్చు సార్', అంటే గ్యాస్ పోయింది అంటాడు, మనం వేలకి వేలు ఇచ్చేస్తాం.

దయచేసి ఆ మాటకి వెంటనే సరే అనకండి. ఫ్రిజ్‌లో గ్యాస్ పెట్రోలు కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, లీక్ లేకపోతే లోపం ఇంకెక్కడో ఉన్నట్టు. ఆ ఇంకెక్కడో అనేది చాలాసార్లు మనమే కనిపెట్టొచ్చు.

ముందు నిజంగా చల్లదనం తగ్గిందా లేదా చూద్దాం. గ్లాసుడు నీళ్లలో ఫ్రిజ్ థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున్న 4 డిగ్రీలు, అటూ ఇటుగా 5 లోపు ఉంటే ఫ్రిజ్ బాగానే ఉంది. ఫ్రీజర్ అయితే మైనస్ 18 దగ్గర ఉండాలి. డయల్‌ని పిల్లలెవరైనా తిప్పేశారేమో అది కూడా ఒకసారి చూడండి.

(షాట్: గోడకి ఆనించి ఉన్న ఫ్రిజ్ వెనక భాగం)

ఫ్రిజ్ లోపలి వేడిని తీసి బయట పారేస్తుంది. ఆ వేడి పోవడానికి చోటు లేకపోతే అదేం చేస్తుంది పాపం? వేళచ్చేరి, పెరంబూర్ లాంటి చోట్ల చిన్న చిన్న వంటిళ్లలో ఫ్రిజ్‌ని మూలకి తోసి, పైన అట్టపెట్టెలు పెట్టి, పక్కన స్టవ్ వెలిగిస్తే, మండు వేసవి కత్తిరి ఎండల్లో బయటే 40 డిగ్రీలున్నప్పుడు కంప్రెసర్ ఆగకుండా తిరిగినా లోపల చల్లబడదు. వెనకా పక్కలా నాలుగైదు అంగుళాలు వదలండి. వెనక నల్లటి జాలీ ఉంటే ప్లగ్ తీసేసి బ్రష్‌తో దుమ్ము దులపండి. తలుపు రబ్బరు మధ్య ఒక నోటు పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలి చొరబడుతున్నట్టే. ముందు రబ్బరుని గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడిచి చూడండి, జిడ్డు వల్ల అతుక్కోని రబ్బరు కూడా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో పైన ఐస్ గట్టిగానే ఉంటుంది, కింద మాత్రం పాలు విరిగిపోతుంటాయి. ఇలా ఉంటే గ్యాస్‌ని అనుమానించేది చివర్లోనే. చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక ప్యానెల్ లోపలున్న కాయిల్ దగ్గర, అక్కడి నుంచి ఒక చిన్న ఫ్యాన్ ఆ గాలిని కిందకి పంపుతుంది. తలుపు తీసినప్పుడల్లా చెన్నై తేమ గాలి లోపలికి వెళ్లి కాయిల్ మీద మంచులా పేరుకుంటుంది, దాన్ని కరిగించడానికి లోపల ఒక హీటర్ అప్పుడప్పుడు దానంతటదే ఆన్ అవుతుంది. ఆ హీటరో, దాని సెన్సరో, టైమరో పోతే మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది.

దీన్ని మీరే పరీక్షించొచ్చు. సామానంతా తీసి, ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేయండి, కింద పాత తువ్వాళ్లు పరచండి, నీళ్లు బాగానే వస్తాయి. మళ్లీ ఆన్ చేశాక కొన్ని రోజులు బ్రహ్మాండంగా చల్లబడి, తర్వాత మళ్లీ అదే కథ మొదలైతే లోపం డీఫ్రాస్ట్ భాగంలోనే ఉంది. మెకానిక్‌కి ఈ మాటే చెప్పండి, ఆయన వెతకాల్సిన పని సగం తగ్గిపోతుంది. కొన్ని మోడళ్లలో తలుపు తీస్తే ఫ్యాన్ ఆగిపోతుంది, అందుకని తలుపు తీసి ఉంచి, తలుపు మూసినప్పుడు నొక్కుకునే స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుని ఫ్యాన్ చప్పుడు వస్తుందో లేదో వినండి.

సింగిల్ డోర్ అయితే ఐస్ మందంగా పేరుకోకముందే డయల్ మధ్యలోని డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఐస్ పొడవకండి! గ్యాస్ తిరిగే ఆ ఫ్రీజర్ అల్యూమినియం రేకు చాలా పల్చన, చిన్న చిల్లు పడితే చాలు, అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది.

(శబ్దం: గుంయ్‌మని మోత, టక్, నిశ్శబ్దం)

ఈ చప్పుడు విన్నారా? కాసేపు మోగి, టక్‌మని ఆగి, కొన్ని నిమిషాలకి మళ్లీ అదే వస్తుంటే కంప్రెసర్ స్టార్ట్ అవలేకపోతోంది. వేసవి రాత్రి వీధంతా ఏసీలు వేసుకున్నప్పుడు మాత్రమే ఇలా ఉంటే లో వోల్టేజ్ అయి ఉండొచ్చు, స్టెబిలైజర్ పెట్టించండి. ఎప్పుడూ అలాగే ఉంటే ముందు కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ మార్పించి చూడమనండి, అది వందల్లో అయ్యే పని, కంప్రెసర్ మార్చడమంటే వేలల్లో. ఇంకో మాట, ఆపిన ఫ్రిజ్‌ని వెంటనే ఆన్ చేయకండి, ఓ ఐదు నిమిషాలు ఆగండి.

మరి గ్యాస్ నిజంగా తగ్గితే ఎలా తెలుస్తుంది? కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, వెనక జాలీ గానీ పక్క గోడలు గానీ వెచ్చబడవు, లోపలి కాయిల్‌కి ఒక కొసన మాత్రమే మంచు పడుతుంది. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్లలో ఉప్పుగాలికి గొట్టాలు తుప్పు పట్టి లీక్ అవుతుంటాయి కూడా. అప్పుడు 'లీక్ ఎంగ ఇరుక్కు, కాట్టుంగ', అంటే లీక్ ఎక్కడుందో చూపించండి అని అడగండి. లీక్ మూసి, ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ చేశాకే, అంటే గొట్టాల్లోని గాలంతా లాగేశాకే గ్యాస్ నింపాలి, అది కూడా లేబుల్ మీద రాసి ఉన్నన్ని గ్రాములు తూచి. లేబుల్ మీద ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్, కిటికీలు తెరిచి ఉంచండి, పక్కన స్టవ్ వెలిగించకండి. లీక్ ఫ్రిజ్ గోడల్లోని ఫోమ్ లోపల ఉందంటే మాత్రం పాత ఫ్రిజ్ మీద ఇంకా ఖర్చు పెట్టొద్దని నా సలహా.

మెకానిక్ వచ్చేలోపు పాలు, మాంసం, వండిన కూరలు పక్కింటి ఫ్రిజ్‌లోకి మార్చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఇన్సులిన్ ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని చూడండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కంగారులో దాన్ని ఐస్ ముక్కల మీద పెట్టొద్దు, ఫ్రీజర్‌లో అసలే వద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా వాడకూడదు.